హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు గుండె జబ్బు ముప్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

2004 ఏప్రిల్ 1న మన దేశంలో ప్రభుత్వ ఆస్పత్రుల్లో హెచ్‌ఐవీని అణచిపెట్టే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. అప్పుడు ముప్ఫై ఏళ్ళతో మందులు మొదలుపెట్టినవాళ్ళు ఇప్పుడు యాభై దాటారు. టీబీతోనో, నీళ్ళ విరేచనాలతోనో పోతారనుకున్నవాళ్ళు ఇవాళ బీపీ, షుగర్, గుండె నొప్పి అంటూ వస్తున్నారు. ఒక రకంగా ఇది మందుల విజయమే. 2021 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు దేశం మొత్తం మీద 0.21 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47 శాతం. అందుకని ఈ ప్రశ్నలు తెలుగు ఇళ్ళలో మరీ ఎక్కువగా వినిపిస్తాయి.

హెచ్‌ఐవీకీ గుండెకీ సంబంధం ఏమిటి? అది రక్తంలో జబ్బు కదా?

గుండెపోటుకు మూలం గుండె కండరంలో కాదు, దానికి రక్తం తెచ్చే నాళాల గోడల్లో ఉంటుంది. ఆ గోడ లోపలి పొర దెబ్బతిన్నచోట కొవ్వు చేరుతుంది. దాన్ని తినేయడానికి తెల్ల కణాలు వచ్చి, అక్కడే చిక్కుకుని, పూడికగా మారతాయి. ఏదో ఒక రోజు ఆ పూడిక చిట్లితే దాని మీద రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది. ఇది ఎవరికైనా జరిగేదే. హెచ్‌ఐవీ ఉంటే ఇందులో ప్రతి మెట్టూ కాస్త త్వరగా పడుతుంది.

కారణం పేగుల్లో ఉంది. వైరస్ ఒంట్లోకి వచ్చిన తొలి వారాల్లోనే పేగు గోడల్లో ఉండే, రోగనిరోధక శక్తికి కీలకమైన సీడీ4 కణాలను పెద్ద ఎత్తున చంపేస్తుంది. దాంతో ఆ గోడ పాత గోనెసంచిలా తయారై, పేగుల్లో ఉండాల్సిన బ్యాక్టీరియా తునకలు కొద్దికొద్దిగా రక్తంలోకి జారుతుంటాయి. వాటిని చూసి రోగనిరోధక వ్యవస్థ ఎప్పుడూ కత్తి దూసే ఉంటుంది. నాళాల గోడల్లో వాపు తగ్గదు, రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. మందులు వాడితే వైరస్ అణిగిపోతుంది కానీ పేగు గోడ పూర్తిగా పూర్వస్థితికి రాదు. నివురుగప్పిన నిప్పు అంటారే, సరిగ్గా అలాగన్నమాట. మంట కనపడదు, వేడి మాత్రం ఉంటుంది.

ముప్పు ఎంత ఎక్కువ? రెట్టింపు అంటే భయమేస్తోంది.

అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు గుండె, రక్తనాళాల జబ్బులు వచ్చే అవకాశం లేనివాళ్ళ కంటే దాదాపు రెండింతలని తేలింది. అంతకుముందు 2013లో అమెరికా మాజీ సైనికుల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో, పొగతాగడం, బీపీ, షుగర్ లాంటివన్నీ లెక్కలోంచి తీసేశాక కూడా గుండెపోటు ముప్పు ఒకటిన్నర రెట్లు ఉంది.

రెట్టింపు అనే మాట ఒక్కటే వింటే దడే. అసలు అంకె చూడండి. కింద కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల దగ్గర చెప్పబోయే రిప్రీవ్ అధ్యయనంలో, స్టాటిన్ ఇవ్వని వెయ్యి మందిలో ఏడాదికి సుమారు ఏడుగురికి గుండెపోటో పక్షవాతమో అలాంటి పెద్ద ప్రమాదమో వచ్చింది. అంటే 993 మందికి ఆ ఏడాది అలాంటిదేమీ కాలేదు. భయపడి నిద్ర మానుకునే అంకె కాదు, అలాగని గాలికి వదిలేసేదీ కాదు.

నా వైరల్ లోడ్ రిపోర్టులో వైరస్ కనపడలేదని వచ్చింది. ఇక గుండెకు భయం లేనట్టేనా?

సగం పని అయినట్టు. వైరల్ లోడ్ అదుపులో ఉన్నవాళ్ళ ముప్పు, లేనివాళ్ళ కంటే బాగా తక్కువ. మిగతా సగం రెండు సంగతుల మీద ఆధారపడుతుంది. మందులు మొదలుపెట్టేనాటికి మీ సీడీ4 ఎంత పడిపోయిందన్నది ఒకటి. 100 కంటే కింద ఉండగా మొదలుపెట్టినవాళ్ళలో ఆ నిప్పు ఎక్కువగా మిగిలిపోతుంది. గడిచిపోయినదాన్ని మార్చలేం. పొగాకు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ రెండోది. ఇవి మార్చగలిగినవి, మన పనంతా ఇక్కడే.

ఏఆర్‌టీ మాత్రల వల్లే గుండె పాడవుతుందని ఒకరు చెప్పారు. కొన్నాళ్ళు ఆపితే గుండెకు విశ్రాంతి దొరుకుతుందా?

ఆపకండి. ఈ ప్రశ్నకు జవాబు ఊహ మీద చెప్పేది కాదు, నేరుగా పరీక్షించి చూసిందే. స్మార్ట్ అనే అధ్యయనంలో 5,472 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు మందులు ఆపకుండా వాడింది. రెండో గుంపు సీడీ4 బాగున్నప్పుడు ఆపి, తగ్గినప్పుడు మళ్ళీ మొదలుపెట్టింది. మందుల దుష్ఫలితాలు తగ్గి రెండో గుంపే బాగుంటుందని చాలామంది అనుకున్నారు. 2006లో ఫలితాలు వచ్చేసరికి కథ తిరగబడింది. ఆపి వాడినవాళ్ళలో చావులే కాదు, గుండె జబ్బులు కూడా ఎక్కువయ్యాయి. మందు ఆపిన నెలలోపే రక్తంలో వాపును, గడ్డకట్టే గుణాన్ని చూపించే సూచికలు పైకి లేచాయి.

అయితే ఆ పుకారుకు మూలం లేకపోలేదు. పాత మందుల్లో కొన్నింటి మీద అపవాదు నిజమే. స్టావుడిన్ వాడినవాళ్ళకు బుగ్గలు లోపలికి పోయి, కొవ్వు పొట్ట మీదికి చేరి, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు పెరిగేవి. ఆ మందు ఇప్పుడు వాడకంలో లేదు. లోపినావిర్ కొలెస్ట్రాల్‌నూ ట్రైగ్లిజరైడ్లనూ పెంచుతుంది. అబకావిర్ వాడుతున్నవాళ్ళలో గుండెపోట్లు ఎక్కువని 2008లో పెద్ద అధ్యయనం చెప్పింది, తర్వాత వచ్చినవి చాలావరకు దాన్నే బలపరిచాయి. కాబట్టి గుండె జబ్బు ఉన్నవాళ్ళకు వేరే దారి ఉంటే అబకావిర్ ఇవ్వరు.

ఇప్పుడు ఎక్కువమంది వాడేది టీఎల్‌డీ. రోజుకు ఒకే మాత్ర, అందులో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. కొలెస్ట్రాల్ విషయంలో ఇది సాధుజీవి. గుండె మందులతో దాదాపు గొడవ పడదు కూడా.

ఏయే పరీక్షలు, ఎన్నాళ్ళకోసారి?

ఖరీదైన ప్యాకేజీలు అక్కర్లేదు. నలభై దాటిన ప్రతి ఒక్కరికీ, అంతకంటే చిన్నవాళ్ళలో పొగాకు అలవాటు, బీపీ, షుగర్, ఇంట్లో తక్కువ వయసులో గుండెపోటు వచ్చిన చరిత్ర ఉంటే వాళ్ళకీ ఇవి చాలు:

- బీపీ, బరువు: ఏఆర్‌టీ సెంటరుకు వెళ్ళిన ప్రతిసారీ. నడుము కొలత ఆరు నెలలకోసారి, బొడ్డు దగ్గర టేపుతో. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు.
- పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ పరీక్ష: ఏడాదికోసారి. మందు మారిస్తే మూడు నెలల తర్వాత ఒకసారి అదనంగా.
- కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్: టెనోఫోవిర్ వాడుతున్నారు కాబట్టి ఎలాగూ చేస్తారు. కిడ్నీ దెబ్బతింటే గుండె ముప్పూ పెరుగుతుంది.
- వైరల్ లోడ్: మొదటి ఏడాది ఆరు, పన్నెండు నెలలకు, తర్వాత ఏడాదికోసారి. అవును, ఇది గుండె పరీక్ష కూడా.

ఈసీజీ ఒకసారి తీయించి దాచుకుంటే మంచిది. రేపు నొప్పి వచ్చినప్పుడు కొత్త మార్పు ఏదో, పాతది ఏదో పోల్చి చూడొచ్చు. ఏ బాధా లేనివాళ్ళకు ట్రెడ్‌మిల్, యాంజియో అవసరం లేదు. గుండె నాళాల్లో కాల్షియం ఎంత పట్టిందో చూసే స్కానింగులో స్కోరు సున్నా వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో కాల్షియం పట్టని మెత్తని పూడికలు ఎక్కువ, చిట్లేదీ అవే.

ఒక చిన్న గమనిక. టీఎల్‌డీ మొదలుపెట్టాక క్రియాటినిన్ 0.1, 0.15 మేర పెరిగి అక్కడే నిలబడితే కంగారు పడొద్దు. డోలుటెగ్రావిర్ క్రియాటినిన్ మూత్రంలోకి పోయే దారిని కాస్త అడ్డుకుంటుంది తప్ప కిడ్నీని పాడుచేయదు. ప్రతిసారీ పెరుగుతూ పోతుంటేనే ఆలోచించాలి.

బీపీ ఆస్పత్రిలో ఎక్కువ వస్తుంది, ఇంట్లో తక్కువ. ఏది నమ్మాలి?

సరిగ్గా కొలిస్తే ఇంటిదే నమ్మొచ్చు. సరిగ్గా అంటే ఇలా. మూత్రానికి వెళ్ళి రండి. కాఫీ, టీ, సిగరెట్ తర్వాత అరగంట ఆగండి. వీపుకు ఆనుకుని, రెండు పాదాలూ నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేయకుండా అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. పట్టీ చొక్కా మీద కాకుండా చర్మం మీద, గుండె ఎత్తులో ఉండాలి, చెయ్యి బల్ల మీద ఆనించాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. ఉదయం మందు వేసుకోకముందు, సాయంత్రం ఒకసారి, అలా వారం రోజులు. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీస్తే అదే మీ బీపీ. ఇంట్లో సగటు 135/85 దాటితే బీపీ ఉన్నట్టే. మందులు వాడేవాళ్ళకు తల తిరగకుండా 130/80 లోపు ఉంచగలిగితే మేలు.

బక్కపలచని చేతికి పెద్ద పట్టీ కడితే అంకె తక్కువగా, లావు చేతికి చిన్న పట్టీ కడితే ఎక్కువగా వస్తుంది. సగం తప్పులు ఇక్కడే.

మూడు నెలల సగటు షుగర్ పరీక్ష బాగానే వచ్చింది, పరగడుపున మాత్రం 130. ఏది నిజం?

పరగడుపుది. మూడు నెలల పరీక్ష ఎర్ర రక్తకణాలకు ఎంత చక్కెర అంటుకుందో చూస్తుంది. జిడోవుడిన్ లాంటి హెచ్‌ఐవీ మందులు వాడుతున్నా, కొన్ని రకాల రక్తహీనత ఉన్నా ఆ కణాల ఆయుష్షు, పరిమాణం మారిపోయి అంకె ఉన్నదానికంటే తక్కువగా రావచ్చు. కాబట్టి హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో షుగర్ తేల్చడానికి పరగడుపు పరీక్షే ముఖ్యం. 126, ఆపైన రెండుసార్లు వస్తే షుగర్ వ్యాధి ఉన్నట్టే.

నా కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంది. అయినా డాక్టరు స్టాటిన్ రాశారు. ఎందుకు?

ఈ ప్రశ్నకు 2023 దాకా గట్టి జవాబు లేదు. ఆ ఏడాది రిప్రీవ్ ఫలితాలు వచ్చాయి. ఇండియాతో సహా 12 దేశాల్లో, 40 నుంచి 75 ఏళ్ళ మధ్య వయసున్న 7,769 మంది అందులో ఉన్నారు. అందరూ హెచ్‌ఐవీ మందులు వాడుతున్నవాళ్ళే, గుండె ముప్పు తక్కువ లేదా మధ్యస్థంగా ఉందని లెక్కలు చెప్పినవాళ్ళే. చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ సగం మందిలో 108 లోపే ఉంది. మామూలుగా అయితే వాళ్ళలో చాలామందికి స్టాటిన్ ఎవరూ రాయరు. సగం మందికి పిటావాస్టాటిన్ 4 మిల్లీగ్రాములు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సుమారు అయిదేళ్ళకు చూస్తే స్టాటిన్ గుంపులో పెద్ద గుండె ప్రమాదాలు 35 శాతం తగ్గాయి. వెయ్యి మందిలో ఏడాదికి ఏడుకు పైన ఉన్నది అయిదు లోపుకు దిగింది. తేడా అంత స్పష్టంగా కనపడటంతో అధ్యయనాన్ని అనుకున్న గడువుకు ముందే ఆపేశారు.

నష్టం లేదా అంటే ఉంది. కండరాల నొప్పులు, నీరసం 2.4 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళలో 1.4 శాతానికి. కొత్తగా షుగర్ 5.3 శాతానికి, అవతల 4 శాతానికి. లాభనష్టాలు తూచి చూస్తే నలభై దాటిన చాలామందికి లాభం వైపే మొగ్గుతుంది. ముప్పు మరీ తక్కువగా ఉన్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవచ్చు. మామూలు ముప్పు పట్టికలు హెచ్‌ఐవీని లెక్కలోకి తీసుకోవు కాబట్టి అవి చెప్పే అంకె అసలు ముప్పు కంటే తక్కువే.

ఏ స్టాటిన్? ఎంత? ఎప్పుడు మానాలి?

టీఎల్‌డీ వాడేవాళ్ళకు పెద్ద చిక్కు లేదు. పిటావాస్టాటిన్ 4, అటోర్వాస్టాటిన్ 20, రోసువాస్టాటిన్ 10 మిల్లీగ్రాముల్లో ఏదైనా సరే. అటోర్వాస్టాటిన్ చాలా పీహెచ్‌సీల్లో ఉచితంగానే దొరుకుతుంది.

మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చే రెండో వరస మందుల్లో ఉన్నవాళ్ళ సంగతి వేరు. అటాజనావిర్, లోపినావిర్, డారునావిర్ ఇచ్చేటప్పుడు వాటితోపాటు రిటోనావిర్ కలుపుతారు. ఇది కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైమును నొక్కిపెడుతుంది. అసలు మందు ఒంట్లో ఎక్కువసేపు నిలవడానికే ఆ ఏర్పాటు. కానీ అదే ఎంజైముతో విరిగే ఇతర మందులు కూడా పేరుకుపోతాయి. సింవాస్టాటిన్, లోవాస్టాటిన్ వీళ్ళకు పూర్తిగా నిషిద్ధం. ఎన్నో రెట్లు పేరుకుని కండరాలు కరిగి, ఆ చెత్త కిడ్నీలను మూసేస్తుంది. అటోర్వాస్టాటిన్ 10తో మొదలుపెట్టి 20 దాటకూడదు. అటాజనావిర్ గాని లోపినావిర్ గాని వాడుతుంటే రోసువాస్టాటిన్ 10 దాటకూడదు. పిటావాస్టాటిన్‌కు ఆ గొడవ లేదు. రిప్రీవ్‌లో దాన్నే ఎంచుకోవడానికి అదొక కారణం.

మొదలుపెట్టిన ఆరు నుంచి పన్నెండు వారాలకు కొలెస్ట్రాల్ మళ్ళీ చూడాలి. తొడలు, భుజాలు రెండువైపులా నొప్పులు పుట్టి, మూత్రం డికాషన్ రంగులో వస్తే ఆ రోజే స్టాటిన్ ఆపి ఆస్పత్రికి వెళ్ళండి. గర్భం కోసం ప్రయత్నిస్తున్న ఆడవాళ్ళు ముందే డాక్టరుకు చెప్పి ఆపాలి.

గుండె, బీపీ, షుగర్ మందుల్లో ఏఆర్‌టీతో పడనివి ఇంకేమున్నాయి?

ముందు మీ మందు ఏదో తెలియాలి. సీసా మీద డోలుటెగ్రావిర్ అని ఉంటే కింది మొదటి పేరా, రిటోనావిర్ అని ఉంటే రెండో పేరా మీకోసం.

డోలుటెగ్రావిర్: షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుంటుంది, రోజుకు మొత్తం 1000 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉదయం 1000, రాత్రి 1000 వాడుతున్నవాళ్ళకు టీఎల్‌డీ మొదలుపెట్టి, మెట్‌ఫార్మిన్ తగ్గించడం మరిచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. వాంతులు, విరేచనాలు మొదలైతే దీన్ని అనుమానించాలి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఏ చిక్కూ లేకుండా వాడొచ్చు.

రిటోనావిర్: ఆమ్లోడిపిన్ ప్రభావం పెరిగి కాళ్ళు వాస్తాయి, బీపీ మరీ పడిపోతుంది, అందుకే 2.5తో మొదలుపెట్టాలి. స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్ కాలేయంలో మారితేనే పనిచేస్తుంది, రిటోనావిర్ ఆ మార్పును అడ్డుకోవడంతో స్టెంట్‌లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. దాని బదులు ఇచ్చే టికాగ్రెలర్ అయితే ఇందుకు పూర్తి విరుద్ధం, పేరుకుపోయి రక్తస్రావం చేస్తుంది. వీళ్ళకు ప్రాసుగ్రెల్ మేలు, పక్షవాతం వచ్చినవాళ్ళకు మాత్రం అది పనికిరాదు. గుండె మందుల్లో అమియోడరోన్, ఇవాబ్రడిన్, రానోలజిన్ జోలికి పోకూడదు. ఉబ్బసానికి పీల్చే ఫ్లూటికాసోన్, మోకాలికి వేసే స్టిరాయిడ్ ఇంజెక్షన్ కూడా ఒంట్లో నిలిచిపోయి ముఖం ఉబ్బడం, షుగర్, బీపీ తెచ్చిపెడతాయి.

టీబీ మందుల్లోని రిఫాంపిసిన్‌ది వ్యతిరేక గుణం. చాలా మందులను త్వరగా విరగ్గొట్టేస్తుంది. ఆ ఆరు నెలలూ డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. అప్పటిదాకా అదుపులో ఉన్న బీపీ పెరిగితే మందు పనిచేయట్లేదని కాదు, ఒంట్లో నిలవట్లేదని. టీబీ కోర్సు అయిపోయాక, అప్పుడు పెంచిన మోతాదు మళ్ళీ తగ్గించాలి. ఈ రెండో సగమే ఎక్కువమంది మరిచిపోతారు.

ఇక మోకాళ్ళ నొప్పికి, ఒళ్ళు నొప్పులకు కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్. టెనోఫోవిర్‌తో కలిసి కిడ్నీకి, వాటంతట అవే గుండెకు చేటు. పారాసిటమాల్‌తో సరిపెట్టుకోండి.

గ్యాస్ మందు, ఐరన్, కాల్షియం మాత్రలు టీఎల్‌డీతో కలిపి వేసుకోవచ్చా?

డోలుటెగ్రావిర్ లోహాలకు అతుక్కుపోతుంది. అతుక్కున్నది రక్తంలోకి ఎక్కదు. గులాబీ రంగు గ్యాస్ సిరప్‌లో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాతే అది తాగాలి, లేదా అది తాగిన ఆరు గంటల తర్వాతే టీఎల్‌డీ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం అయితే భోజనం చేస్తూ రెండూ కలిపి వేసుకోవచ్చు, పరగడుపున మాత్రం కాదు. గ్యాస్ మాత్రల్లో ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ టీఎల్‌డీకి అడ్డురావు. అటాజనావిర్‌కు మాత్రం అవి బాగా అడ్డు.

రాత్రి పడుకునేటప్పుడు టీఎల్‌డీ, మధ్యాహ్నం భోజనంతో ఐరన్ పెట్టుకుంటే తకరారు ఉండదు.

తిండి విషయంలో ఏం మార్చుకోవాలి? ఆవకాయ మానాలా?

అన్నిటికంటే ముందు పొగాకు. సిగరెట్, బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా అన్నీ దీని కిందికే వస్తాయి. శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ కూడా. వైరల్ లోడ్ అదుపులో ఉన్న మనిషికి పొగ మానడం కంటే గుండెకు మేలు చేసే పని ఇంకోటి లేదు.

ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, అన్నీ కలిపి. మన ఇళ్ళలో అది కూరల్లో కంటే పచ్చళ్ళు, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపల్లో దాక్కుంటుంది. ఆవకాయ మానమని చెప్తే ఎవరూ వినరు, చెప్పడం కూడా దండగ. రెండు పూటలా ముద్దముద్దకీ కలుపుకునేది వారానికి రెండుమూడు సార్లకు, ఒక ముక్కకు తగ్గించండి. పెరుగన్నంలో ఉప్పు మానండి, ఇది ఎక్కువమంది చేయగలిగే పని. నూనె నెలకు మనిషికి అర లీటరు మించకుండా చూసుకోండి. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగైదు లీటర్లు అవుతుంటే తగ్గించాల్సింది ఎంతో తెలిసిపోతుంది. బజ్జీలు వేయించిన నూనెను మళ్ళీమళ్ళీ కాచొద్దు. పళ్ళెంలో సగం కూర, పప్పు ఉండేలా అన్నం తగ్గిస్తే షుగర్, ట్రైగ్లిజరైడ్లు రెండూ దిగుతాయి.

వారానికి అయిదు రోజులు అరగంట నడక. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం రావాలి, ఆ వేగం చాలు.

టీఎల్‌డీ మొదలుపెట్టాక ఆరు కిలోలు పెరిగాను. మందు మార్చమని అడగనా?

జబ్బుతో చిక్కిపోయిన మనిషి కోలుకుని పెరిగే బరువు మంచిదే. డోలుటెగ్రావిర్‌తో అంతకుమించి కూడా కొందరికి, ముఖ్యంగా ఆడవాళ్ళకు పెరుగుతుంది. మందు మారిస్తే ఆ బరువు తగ్గుతుందన్న నమ్మకం లేదు, వైరస్ మళ్ళీ లేచే ప్రమాదం మాత్రం ఉంది. నడుము కొలత, షుగర్ చూస్తూ తిండి, నడక సరిచేసుకోవడమే ముందు చేయాల్సింది.

ఛాతీలో నొప్పి వస్తే అది గ్యాసో, గుండెపోటో ఎలా తెలుస్తుంది?

ఇంట్లో తెలియదు. ఈసీజీ చెప్పాలి. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, బిగబట్టినట్టు ఉండి, ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకి, చెమటలు పట్టి, పది నిమిషాలైనా తగ్గకపోతే గుండెపోటనే అనుకోండి. ఆడవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం మాత్రమే రావచ్చు.

మన దగ్గర ప్రాణాలు తీసేది సోడా. ముందు సోడా, తర్వాత గ్యాస్ సిరప్, ఆపైన ఊళ్ళో ఇంజెక్షన్, ఇంతలో మూడు గంటలు. నాళం మూసుకున్న క్షణం నుంచి కండరం చచ్చిపోతూనే ఉంటుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ గాని, స్టెంట్ గాని ఎంత తొందరగా పడితే అంత కండరం మిగులుతుంది.

108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడనివాళ్ళు, రక్తస్రావం ఉన్నవాళ్ళు కాకపోతే 300 మిల్లీగ్రాములు నమిలి మింగాలి. 75వి ఉంటే నాలుగు. నమలకుండా మింగితే పైపూత కరిగేదాకా పనిచేయదు. మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి పడిపోవడం ఉంటే మాత్రం ఆస్పిరిన్ ఇవ్వొద్దు, అది మెదడులో రక్తస్రావం కావచ్చు. అంగస్తంభన కోసం సిల్డెనాఫిల్ వేసుకుని ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. ఆ మీద గుండె నొప్పికని నాలుక కింద నైట్రేట్ మాత్ర పెడితే బీపీ కుప్పకూలుతుంది. రిటోనావిర్ వాడేవాళ్ళలో సిల్డెనాఫిల్ ప్రభావం రోజుల తరబడి ఉంటుంది.

గుండె డాక్టరుకు హెచ్‌ఐవీ సంగతి చెప్పాలా? చెప్తే స్టెంట్ వేయనంటారేమో.

పైన చెప్పిన మందుల గొడవలు చూశారు కదా. చెప్పకపోతే నష్టపోయేది మీరే. వార్డులో అందరికీ చెప్పనక్కర్లేదు, మందులు రాసే డాక్టరుకు మీ ఏఆర్‌టీ పుస్తకం చూపిస్తే చాలు.

స్టెంట్ వేయడానికి గాని, బైపాస్‌కు గాని హెచ్‌ఐవీ అడ్డు కాదు. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, ఈ కారణంతో వైద్యం నిరాకరించడం, అనుమతి లేకుండా సంగతి బయటపెట్టడం చట్టవిరుద్ధం. ఇరవై మంది గాని అంతకంటే ఎక్కువ మంది గాని పనిచేసే ఆస్పత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. అక్కడ తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, అత్యవసర వైద్యం విషయమైతే 24 గంటల్లో ఆదేశం ఇవ్వాలి. నిరాకరించినట్టు కాగితం మీద రాసివ్వమని అడగండి. ఆ మాట వినగానే చాలాచోట్ల బెడ్ దొరుకుతుంది. సలహాకు ఉచిత ఫోన్ నంబరు 1097.

హెపటైటిస్ సి, బి ఉన్నవాళ్ళకూ ఇదే ముప్పా?

సికి సంబంధం ఉంది. కాలేయంలో ఏళ్ళ తరబడి వాపు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం కలిసి నాళాలను దెబ్బతీస్తాయి. తమాషా ఏమిటంటే హెపటైటిస్ సి ఉన్నవాళ్ళ ఎల్‌డీఎల్ తక్కువగా కనపడుతుంది. ఆ వైరస్ కొవ్వు రేణువులతో కలిసి తిరుగుతుంది. దానికిచ్చే సోఫోస్‌బువిర్, డాక్లాటాస్విర్ మందులు సాధారణంగా 12 వారాలు వాడి వైరస్ పోయాక ఎల్‌డీఎల్ పెరుగుతుంది. మందు చెడు చేసిందని కాదు, అసలు రంగు బయటపడింది. అప్పుడు కొలెస్ట్రాల్ పరీక్ష మళ్ళీ చేయించాలి. అమియోడరోన్ వాడేవాళ్ళకు సోఫోస్‌బువిర్ ఇస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోతుంది.

బికి గుండెతో అంత స్పష్టమైన ముడి లేదు. కానీ టీఎల్‌డీలోని టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ హెపటైటిస్ బిని కూడా అణచిపెడతాయి. కిడ్నీ కోసమో మరి దేనికోసమో మందు మార్చేముందు హెపటైటిస్ బి పరీక్ష చూడకపోతే కాలేయం ఒక్కసారిగా మండిపోవచ్చు.

ఫ్లూ టీకా గుండెకు మంచిదంటారు, నిజమేనా?

నిజమే. ఫ్లూ ఉన్నట్టు పరీక్షలో తేలిన తర్వాతి వారం రోజుల్లో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు ఉందని కెనడాలోని ఒంటారియోలో జరిగిన అధ్యయనం 2018లో చూపింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు ఏటా ఒకసారి, వానాకాలం మొదలవకముందు వేయించుకోవచ్చు. ఇంజెక్షన్ రూపంలోదే, ముక్కులో చుక్కలు వేసేది వద్దు.

గుండె జబ్బుతో ఆస్పత్రిలో చేరితే అక్కడ ఏఆర్‌టీ మందులు ఇస్తారా?

చాలా ఆస్పత్రుల మందుల గదిలో అవి ఉండవు. ఇంటి దగ్గరి సీసాను సంచిలో వేసుకునే వెళ్ళండి, మందుల పట్టికలో రాయమని అడగండి, రోజూ వేసుకునే వేళకే వేసుకోండి. ఐసీయూలో ఉంటే తోడున్నవాళ్ళు నర్సుకు గుర్తుచేయాలి. మింగలేని స్థితిలో ఉంటే ట్యూబు ద్వారా ఎలా ఇవ్వాలో మీ ఏఆర్‌టీ సెంటరుకు ఫోన్ చేసి అడగమనండి. డిశ్చార్జి అయ్యాక కొత్త చీటీలో రాసిన ప్రతి మందునూ మొదటి వారంలోనే ఏఆర్‌టీ డాక్టరుకు చూపించండి.